రెట్ట కండ

కుప్పం,
3 జూన్ 2024.

పూజ్యులైన మామగారికి,

హరిత నమస్కారాలు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పంపితే మీరు పదిహేను రోజులు మాట్లాడరు కాబట్టి, ఇదిగో, కాగితం మీద సిరాతో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. కీబోర్డుకు అలవాటైన వేళ్లకు కలం అంత తొందరగా లొంగడం లేదు.

నాలుగేళ్లుగా రాస్తున్న పుస్తకం పూర్తయింది. పేరు 'కండ కథ'. వెన్నెముక ఉన్న జంతువుల్లో కండలు ఎలా పనిచేస్తాయి, ఆ పనితో పాటు ఒంటి రూపం చేప మొదలుకొని మనిషి దాకా ఎలా మారుతూ వచ్చింది, ఇంతే విషయం. పల్లెల నుంచి మా కళాశాలకు వచ్చే పిల్లల కోసం రాశాను. కళాశాల గ్రంథ సంఘం అచ్చు వేస్తానంది. ఒక్క షరతు. పేరున్న తెలుగు పండితులు ఒకరు ప్రతి పుటా చదివి, భాష నిర్దుష్టమని సంతకం చేయాలి. ఆగస్టు నెలాఖరులోగా సంతకం అందకపోతే ఈ ఏటికి పుస్తకం లేదు. వచ్చే ఏడు నన్ను ఇక్కడ ఉంచుతారో లేదో నాకే తెలియదు. నాది ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగం.

మీకంటే గట్టి పండితులు నాకు తెలియరు. మొదటి నాలుగు అధ్యాయాలు ఈ కవరులోనే ఉన్నాయి. ఐదోది తిరగరాసి పంపుతాను.

పోయిన నెల మీ ఇంట్లో నేను చేసిన పనికి అత్త ఇంకా నవ్వుతోందట. మీ కోపం తగ్గిందనుకుంటాను.

మీ మేనకోడలు,
హరిత


మదనపల్లె,
14 జూన్ 2024.

చిరంజీవి హరితను దీవించి వ్రాయునది.

కోపం తగ్గలేదు. తగ్గవలసిన కారణం కూడా కనిపించలేదు. ముప్పై నాలుగు సంవత్సరాలు సంధులూ సమాసాలూ చెప్పినవాడి ఇంటిలో, వంటగది పీట మీద, దుకాణం నుంచి తెచ్చిన కోడి ముక్కను పరచి, చాకుతో తోలు ఒలిచి, లోపలి తెల్లని తీగ నొకదానిని పట్టి లాగి, చచ్చిన కోడి రెక్క ముడుచుకొనేటట్లు చేసి, "చూడండి మామా, కండ లాగగలదు, తొయ్యలేదు. అందుకే ప్రతి కండకూ ఎదురుగా ఇంకో కండ ఉంటుంది" అని నీవు చప్పట్లు కొట్టిన దృశ్యం నా కన్నుల ముందు నుంచి ఇంకా తొలగలేదు. నేను మాంసం మాని నలభై ఆరు సంవత్సరాలైనది. మీ అత్త పాపక్క ఆ పీటను ఐదుసార్లు కడిగింది. నేను ఆరవసారి కడిగి అటకెక్కించాను. ఆమె మాత్రం ఆ కోడినే కూర వండుకొని తిని, "యాల అట్ల మొగం పెడతావు? నీకు టాటా సెప్పింది అనుకోరాదా" అన్నది.

ఇక వ్రాతప్రతి. మూడవ అధ్యాయం ఒక్కదానిలోనే 'బడు' ధాతువు అరవై రెండు చోట్ల ఉన్నది. 'చేపచే తోక ఊపబడును' అట! చేప తోక ఊపుతుంది. దానికి లేని మొహమాటం నీకెందుకు? 'యొక్క' అనే మాటను నీవు ఉప్పు చల్లినట్లు చల్లావు. మొన్న హార్స్లీ హిల్స్ దారిలో ఒక హోటలు బోర్డు మీద 'బోజనం తయ్యార్' అని చదివి, ఒత్తు లేని ఆ భోజనం నాకు దిగక, ఆకలితోనే బస్సెక్కాను. నీ మూడవ అధ్యాయం చదివినప్పుడు ఆ హోటలు మీద గౌరవం కలిగింది.

ఇవన్నీ సహించవచ్చు. 37వ పుటను మాత్రం సహించలేను. 'కప్ప రెట్టలోనూ, కోడి రెట్టలోనూ, మనిషి రెట్టలోనూ ఉండేది ఒకే ఎముక.' రెట్ట అనగా పక్షి మలము. కాకి రెట్ట, పావురాయి రెట్ట. నీవు మలంలో ఎముకలు వెదుకుతున్నావు. దానికి తోడు ఆ క్రింది పంక్తిలో 'బరువెత్తినప్పుడు రెట్ట గట్టిపడి ఉబ్బుతుంది' అన్నావు. ఛీ! ఆ పూట అన్నం ముట్టలేదు. బాహువు అనే చక్కని మాట ఉండగా ఈ రోత ఎక్కడి నుంచి తెచ్చావు? అన్ని చోట్లా బాహువు అని మార్చనిదే నా సంతకం రాదు.

నీ మేలు కోరి కోప్పడే మేనమామ,
భీమరావు


కుప్పం,
21 జూన్ 2024.

పూజ్యులైన మామగారికి,

'యొక్క'లు తీసేశాను. 'బడు'లు కూడా పోయాయి. చేప ఇప్పుడు తన తోక తానే ఊపుకుంటోంది. చదివితే నిజంగా హాయిగా ఉంది.

రెట్ట సంగతి. మీరు చాలా కాలంగా టౌనులోనే ఉన్నారు కాబట్టి ఈ మాట మీ చెవిన పడలేదేమో. మన పల్లెల్లో భుజానికీ మోచేతికీ మధ్య భాగాన్ని రెట్ట అంటారు. 'వాని రెట్ట పట్టుకొని లాక్కొచ్చినారు' అంటారు చూడండి, అదే. పోయిన నెల తరగతిలో దీపిక అనే అమ్మాయిని, గుర్రంకొండ పిల్ల, బైసెప్స్ అంటే ఏమిటని అడిగాను. ఇంగ్లీషులో రెండు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఎక్కడుందో తాకి చూపించమంటే తొడ మీద చెయ్యి పెట్టింది! నేను మోచెయ్యి మడిచి చూపించాను. "ఓ, రెట్ట కండనా మేడమ్! ఆ మాట ముందే సెప్పింటే సరిపోవు గదా, యాల ఇంత తిప్పలు?" అంది. క్లాసంతా తమ తమ రెట్టలు పట్టుకొని చూసుకున్నారు. నాలుగేళ్లలో నేను చెప్పిన పాఠాల్లో అందరికీ ఒకేసారి అర్థమైంది అదొక్కటే. బాహువు అని రాస్తే మొత్తం చెయ్యా, పై సగమా అని మళ్లీ మొదటికి వస్తారు.

మీ అసహ్యానికి అసలు కారణం నాకు తెలిసిందనుకుంటాను. నాలుగో అధ్యాయంలో మనిషినీ కోతినీ పక్కపక్కన నిలబెట్టాను. అది మీకు కష్టం కలిగించి ఉంటుంది. ఆ పది పుటలూ తీసేశాను.

ఐదో అధ్యాయం పంపుతున్నాను. ఇందులో కోళ్లు లేవు, కోతులు లేవు. మన ఇంటి మనిషే ఉన్నాడు. మీరు చూసి సంతోషిస్తారని ఇన్నాళ్లూ చెప్పకుండా దాచాను.

అత్తకు నా ముద్దులు. పీట సంగతి క్షమించమనండి.

మీ
హరిత


మదనపల్లె,
2 జులై 2024.

చిరంజీవి హరితకు,

కోతులను తొలగించమని నీకు చెప్పినదెవరు? నా ముఖం చూచి శాస్త్రాన్ని కత్తిరించేదానివి నీవు అధ్యాపకురాలివి ఎట్లా అయ్యావు? నీ గ్రంథం మొత్తంలో వాక్యం తిన్నగా నడిచినవి ఆ పది పుటలే. వాటిని తిరిగి చేర్చు. కోతితో నాకు ఏ పేచీ లేదు. కోతి వ్యాకరణం తప్పదు.

రెట్ట అనే మాట నా చెవిన పడలేదని నీవు నిర్ణయించడం అవివేకం. తెలిసినదంతా అచ్చులోకి తేవలెనా? సంత వెనుక మురుగు ఉన్నదని నాకు తెలుసు. దానిని చెంబుతో ముంచి ఇంటికి వచ్చినవారికి ఇవ్వను.

ఐదవ అధ్యాయం చదివాను. చదివి చేతులు కడుగుకొన్నాను. 'కాడి మోసే ఎద్దుకూ, మూట మోసిన మా తాత మునెప్పకూ భుజం ఒకటే.' ఇది వాక్యమా? మనిషినీ పశువునూ ఒక్క షష్ఠీ విభక్తి క్రింద, ఒక్క కాడికి పూన్చినట్లు పూన్చావు. 'భుజం ఒకటే' అనగా నేమి? ఆయనకు ఉన్నది ఒక్క భుజమేనా? లేక ఉన్నది ఎద్దు భుజమా? మరల, 'ఫోటోలో తాత ఎడమ మూపు కాయ కాచి గడ్డలా ఎత్తుగా, కుడి భుజం నున్నగా కిందికి జారి, మనిషి ఒక పక్కకు ఒరిగి కనిపిస్తాడు' అట. నా తండ్రిని తరగతి గదిలో నిలబెట్టి, పరాయి పిల్లలకు చూపించి, నవ్వించదలచావా?

నీవు పుట్టకముందే ఆయన పోయారు. నీకు తెలియదు గనుక చెప్పుచున్నాను. ఆయన పుంగనూరు మండీలో కాటా వద్ద తూనికలు చూచేవారు. మూటలు మోసే కూలీ కాదు.

నిన్న పని మీద టమోటా మార్కెట్టు ప్రక్కగా పోవలసి వచ్చింది. కుళ్లిన పండ్ల రసం చెప్పులలోకి దిగింది. పెట్టెలు మోసేవాళ్లు చొక్కాలు లేకుండా, చెమట కారుతూ, దారి తొలగమని అరుస్తూ నన్ను రాసుకొని పోయారు. ఇంటికి వచ్చి రెండుసార్లు స్నానం చేసినా ఆ వాసన పోలేదు. ఆ ఒంటిని నీవు పుస్తకంలో పెట్టి పిల్లలను తాకి చూడమంటున్నావు. ఏమి రుచి తల్లీ నీది!

ఆ పేరా మొత్తం ఎర్రసిరాతో కొట్టివేసి ప్రతిని త్రిప్పి పంపుచున్నాను.

భీమరావు


కుప్పం,
11 జులై 2024.

పూజ్యులైన మామగారికి,

కోతులు తిరిగి వచ్చాయి.

వాక్యం నా తప్పే. ఒప్పుకుంటాను. చెప్పదలచింది వేరు. చేపకు మెడ లేదు మామా. తలా భుజమూ ఎముకలతో అతుక్కొని ఉంటాయి. మొప్పల వెనకాల చిన్న కండ పట్టీ ఒకటి ఉంటుంది. నేల మీదికి వచ్చిన జంతువుల్లో తల విడిపోయి, మెడ ఏర్పడి, ఆ చిన్న పట్టీయే మెడకూ భుజానికీ మధ్య పెద్ద కండగా పరుచుకుంది. ఆవు ముందరి కాళ్లకు వెన్నెముకతో ఎముక అతుకు లేదు. అంత ఒళ్లూ రెండు కాళ్ల నడుమ కండల ఉయ్యాలలో వేలాడుతుంది. ఆ ఉయ్యాలలో ఈ కండ కూడా ఒక పట్టీ. మనిషి లేచి నిలబడ్డాక బరువు ఎత్తేది దీనితోనే. ఎద్దును పైకి ఎక్కించలేదు, తాతను కిందికి దించలేదు. ఇద్దరికీ ముత్తాత ఒక చేప అని చెప్పబోయి చెడగొట్టాను. మీరు దిద్దితే బాగుపడుతుంది.

ఇక కాటా సంగతి. మీ ఉత్తరం చదివి పుంగనూరుకు ఫోను చేశాను. తాత కాటా దగ్గర కూర్చునేవాడా అని అమ్మను అడిగాను. అమ్మ అన్న మాటలు ఉన్నవున్నట్లు రాస్తున్నాను. దయచేసి దిద్దకండి.

"కాటానా? ఎవురు సెప్పింది నీకు, మా అన్ననా? బెల్లం మూటలు, చెనక్కాయ మూటలు మోసి మోసి మా నాయనకు ఎడమపక్క నిమ్మకాయంత కాయ ఉండె. స్నానానికి నీళ్లు పోసింది నేను, నాకు తెలీదా? ఆయప్పకు రెట్ట తెలీదంటనా? బడికి పోనని మట్టిలో పొర్లాడతా ఉంటే రెట్ట పట్టుకొని లేపి భుజాన ఏసుకొని పోయింది ఎవురంట? అట్ల పోతేనే గదా ఈ పొద్దు అయ్యవారై కూసోనుండాడు. అడుగు, యశోద అడగమనె అని అడుగు."

అడుగుతున్నాను. మీకు రోత కోడి మీద కాదు, కోతి మీద కాదు, ఆ మాట మీద కూడా కాదేమో అనిపిస్తోంది. తాతను పుస్తకంలోంచి తీసేయమంటే కారణం చెప్పండి, తీసేస్తాను. ఆయన కాటా దగ్గర కూర్చున్నాడని మాత్రం నా చేత్తో రాయలేను.

గడువు యాభై రోజులే ఉంది. మీ సంతకం లేకుండా నాకు దారి లేదు.

మీ
హరిత


మదనపల్లె,
25 జులై 2024.

కుమారి హరితకు,

ఇంటి ఆడవాళ్ల ఫోను మాటలకు నేను సమాధానం వ్రాయను.

రెట్ట అనే పదం ఉన్న ఇరవై తొమ్మిది చోట్లా బాహువు అని ఉండవలెను. 81వ పుటలో మునెప్పగారి పేరు, వర్ణన, ఉపమానం ఉండరాదు. వెనుక అట్ట మీద పరిష్కర్త పరిచయం నేను పంపినది పంపినట్లే అచ్చు కావలెను. ఈ మూడింటికీ నీవు సమ్మతించినచో ఈ కవరులోని సంతకం నీది. లేనిచో చించి పారవేయుము.

పరిచయం: 'పుంగనూరు వర్తక కుటుంబంలో జన్మించి, మదనపల్లెలో ముప్పై నాలుగు సంవత్సరాలు తెలుగు పండితులుగా పనిచేసిన శ్రీ భీమరావుగారు ఈ గ్రంథ భాషను పరిష్కరించారు.'

కారణం అడిగావు. కారణం చెప్పవలసిన వయస్సు నాది కాదు.

భీమరావు


కుప్పం,
9 ఆగస్టు 2024.

శ్రీ భీమరావు గారికి,

మూడు షరతులూ పాటించాను. ఇరవై తొమ్మిది చోట్లా మార్చాను. తాత లేడు. ఆయన ఉన్న చోట ఎద్దు ఒక్కటే మిగిలింది. మీ సంతకాన్ని సంఘానికి అందజేశాను. పుస్తకం వచ్చే వారం అచ్చుకు వెళుతుంది. మీకు కృతజ్ఞతలు.

మార్చిన పుటను దీపిక చేత చదివించాను. చక్కగా, ఒక్క తప్పు లేకుండా చదివింది. మీరు విని ఉంటే మెచ్చుకొనేవారు. అయిపోయాక, "బావుండాది మేడమ్. బాహువు అంటే ఏంది?" అంది. చెప్పాను. "ఓ, దాన్నేనా" అని కాగితం నాకు తిరిగి ఇచ్చేసింది.

అమ్మ మీతో మాట్లాడనంటోంది. నేను ఏమీ చెప్పలేదు. మీరు పంపిన పరిచయంలో మొదటి వరుస తనే చదివింది.

నమస్కారాలతో,
హరిత


పుంగనూరు,
2 సెప్టెంబరు 2024.

అమ్మా హరితా,

ఈ ఉత్తరం మీ ఇంటి అరుగు మీద కూర్చుండి వ్రాయుచున్నాను. మీ అమ్మ లోపల ఉన్నది. మంచినీళ్లు అరుగు అంచున పెట్టి పోయింది.

ఇక్కడికి ఎందుకు వచ్చానో దాచను. నా చెల్లెలి నోరు మూయించడానికి నాకు ఒక సాక్షి కావలసి వచ్చింది. మండీలో నాన్నతో కలిసి పనిచేసినవారిలో గంగులప్ప ఒక్కడే మిగిలి ఉన్నాడని విని, 'మునెప్ప కాటా వద్ద ఉండేవాడు' అని ఒక కాగితం మీద అతనిచేత వేలిముద్ర వేయించుకొనే తలంపుతో వచ్చాను. కాగితం నా దస్తూరీతో ముందే వ్రాసుకొని, జేబులో పెట్టుకొని వచ్చాను. చదువుకొన్నవాడు చేయదగిన పని కాదు. చేశాను.

గంగులప్పకు ఎనభై ఎనిమిదేళ్లు. పాత మండీ వెనుక సందులో ఉంటాడు. మంచం ప్రక్కన ఆకువక్క ఉమ్మి వేసే డబ్బా. దాని చుట్టూ ఈగలు. ముక్కుకు కండువా అడ్డం పెట్టుకొన్నాను. కొసన కూర్చుంటే, "ఎవురు? మునెప్ప కొడుకా? దూరంగా యాల కూసుంటావు, ఇట్ల రా అబ్బోడా" అని నా రెట్ట పట్టుకొని లాగి ప్రక్కన కూర్చోబెట్టుకొన్నాడు. ఆ వ్రేళ్లలో ఇంకా ఎంత బలమున్నదో!

కాటా మాట అడిగాను. నవ్వాడు. "కాటానా? కాటా కాడికి మూట మోసుకొచ్చేవోడు. ఆడ దించేసి ఇంగో మూటకు పోయేవోడు. మీ నాయనకూ కాటాకూ ఉండేది అంతే సుట్టరికం."

కాగితం జేబులోనే ఉండిపోయింది. లేవబోయాను. అతడు చొక్కా విప్పి, తన రెండు మూపులూ నాకు చూపించాడు. రెండు వైపులా కాయలు. నల్లగా, గరుకుగా, తాబేటి చిప్ప వలె. తాకమన్నాడు. నాకు ఇష్టం లేదు. అతడే నా చేయి తీసి పెట్టాడు.

"సూసినావా? మేమంతా ఈ పక్క నొస్తే ఆ పక్కకు మార్సుకుంటాము. మీ నాయన మార్సడు. ఎడమపక్కే. నెత్తురు కారినా ఎడమపక్కే. 'ఏమిరా మునెప్పా, నీకు భుజం ఒకటేనా' అని ఎగతాళి సేస్తా ఉంటిమి. ఏమనె తెలుసా? 'కుడిపక్క నా కొడుకు కూసునేదిరా. ఆడ కాయ కాస్తే వానికి గుచ్చుకుంటాది' అనె. మూడు మైళ్లు గదప్పా నీ బడి."

హరితా, నాకు గుర్తున్నది చెప్పుచున్నాను. ఆ భుజం మెత్తగా ఉండేది. మనుష్యుల భుజాలన్నీ అట్లాగే ఉంటాయని నేను అనుకొన్నాను.

ఇంకొకటి ఉన్నది. ఇది నీవు అడిగిన కారణం. పెద్ద బడిలో చేరిన సంవత్సరం, నేను మరచిపోయిన పలక ఇవ్వడానికి ఆయన గేటు దాకా వచ్చాడు. ఒక ప్రక్కకు ఒరిగి నడచి వెళ్లిపోయాడు. వెనుక పిల్లలందరూ ఆ నడక నడచి నవ్వారు. నన్ను కూడా నడవమన్నారు. నడిచాను. రోజూ చూచేవాణ్ని గనుక అందరికంటె బాగా నడిచి చూపినది నేనే. ఆ సాయంకాలం నుంచి ఆయన భుజం ఎక్కలేదు. నేను ఎక్కకపోయినా ఆయన మూట ప్రక్క మార్చలేదట. చివరి దాకా మార్చలేదని గంగులప్ప చెప్పాడు. నీవు నా తండ్రి వంకరను గురించి వ్రాసినప్పుడు, ఆ బడి గేటు వద్ద ఇంకెవరో ఆయన నడక నడుస్తున్నట్లు అనిపించింది. అందుకే ఎర్రసిరా.

వాడిన చోట కండ బలుస్తుంది, తోలు కాయ కాస్తుంది, కానీ తండ్రి కాయ కొడుక్కు పుట్టుకతో రాదు, అని నేను కొట్టివేసిన పేరాలోనే వ్రాశావు. శాస్త్రం సరిగానే ఉన్నది. నాకు రాలేదు. స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి చూచుకొన్నాను. నా రెండు భుజాలూ సమానం. చూచుకొంటే రోత పుట్టింది.

అచ్చు ఆపించు. మూడు షరతులూ ఉపసంహరించుకొంటున్నాను. ఆ సంఘం వారికి నేను స్వయంగా క్షమాపణ వ్రాస్తాను.

నీ
మామ


కుప్పం,
9 సెప్టెంబరు 2024.

మామా,

మీ ఉత్తరం తరగతికి పోయే ముందు చదివాను. ఆ పూట పాఠం చెప్పలేదు. పిల్లలను పంపించేశాను.

అచ్చు ఆగస్టు ఇరవై ఆరుకే అయిపోయింది. ఐదు వందల ప్రతులు కట్టలు కట్టి మా గదిలో ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు మునిస్వామి గారు పుస్తకం చదివి, "భాష అంటే ఇట్లుండల్ల! ఒక్క నాటు మాట లేదు, మీ మామకు దండం పెట్టల్ల" అన్నారు. నేను తల ఊపి వచ్చేశాను. నన్ను ఇంకో ఏడు ఉంచుతున్నారు. అది మీ సంతకం వల్లే. ఈ మాట మీకు ఎలా చెప్పాలో తెలియక ఆలస్యం చేశాను.

మీకు కోపంగా రాసినందుకు, అమ్మ మాటలతో మిమ్మల్ని పొడిచినందుకు నన్ను క్షమించండి. 'భుజం ఒకటే' అని నేను తప్పుగా రాసిన వాక్యం, మండీలో తాతను ఎగతాళి చేసిన మాట ఒకటే అయ్యాయి. నేను ఆయన్ను చూసిందే లేదు. నాకెలా వచ్చిందో ఆ మాట!

మళ్లీ అచ్చు వేయించడం కుదరదు. అడిగాను. కానీ ప్రతులు బయటికి పోకముందే, లోపల ఒక్క కాగితం అతికించుకోవచ్చట. పరిష్కర్త పేరుతో, ఒక్క పుట. ఏం రాయమంటారో నేను చెప్పను.

మీ
హరిత


మదనపల్లె,
16 సెప్టెంబరు 2024.

అమ్మా హరితా,

నా పేరు ఉన్న ఏ పుస్తకానికీ ఇంతవరకు తప్పొప్పుల పట్టిక అవసరం రాలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకొని తిరిగినవాణ్ని. మీ అత్తకు ఇది చదివి వినిపించాను. "ఇంతేనా? దీనికి వారం కూసున్నావా?" అన్నది. అవును, వారం పట్టింది. ఏ అక్షరమూ మార్చకుండా అతికించు. అధ్యక్షులవారికి నచ్చకపోతే నాతో మాట్లాడమను.

అతికించిన మొదటి ప్రతి మీ అమ్మకు పంపు. రెండవది గంగులప్పకు. అతనికి చదువు రాదు. నేను పోయి చదివి వినిపిస్తాను.

మామ

తప్పొప్పుల పట్టిక

పుట 37, పంక్తి 12. తప్పు: బాహువు. ఒప్పు: రెట్ట. (ఈ తప్పు గ్రంథంలో ఇరవై తొమ్మిది చోట్ల ఉన్నది. అన్ని చోట్లా ఇట్లే దిద్దుకొని చదువవలెను. ఇది అచ్చుతప్పు కాదు. పరిష్కర్త చేసిన తప్పు.)

పుట 81, పంక్తి 4 తరువాత విడిచిపెట్టిన వాక్యాలు: కాడి మోసే ఎద్దు మూపులోనూ, మూట మోసిన మునెప్ప మూపులోనూ పనిచేసినది ఒకే కండ. మునెప్ప మూటను ఎడమ ప్రక్కనే మోసెను. కుడి ప్రక్క కొడుకు కూర్చుండెను.

వెనుక అట్ట, పంక్తి 1. తప్పు: పుంగనూరు వర్తక కుటుంబంలో జన్మించి. ఒప్పు: పుంగనూరు మండీలో మూటలు మోసిన మునెప్ప కొడుకుగా పుట్టి, ఆయన భుజం మీద బడికి పోయి.